నొక్కినవాడి మార్కా

పేరుకు గుండూరావు, మనిషి మాత్రం వెదురుబద్ద. ఆదోని స్టేషను ఎదుట మిద్దె మీద ఆయన డిటెక్టివ్ ఆఫీసు. 1955 కార్తీకమాసపు ముసురులో ఒక ఉదయం ఆదెప్ప మేష్టారు అక్కడికి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, "నా పరువు తీసినారు, రావుగారూ" అన్నాడు. సహాయకుడు రామన్న అందించిన మంచినీళ్లను తాగకుండానే బల్ల మీద పెట్టేశాడు.

ఆదెప్ప కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాడు. నీటి ఒత్తిడి విపరీతంగా పెరిగితే ప్రాణుల నరాలు ఏమవుతాయన్నదే ఆయన పిచ్చి. మిల్లులో పత్తిని బేళ్లుగా నొక్కే ప్రెస్సు పంపుకు, గాజుకిటికీ ఉన్న ఒక ఉక్కు సిలిండరు బిగించి, అందులో రకరకాల ప్రాణులను వేసి చూసేవాడు. ఒత్తిడి పెరిగేకొద్దీ ముందు రొయ్యలు వణికేవి. తర్వాత తోకకప్పలు గిలగిలలాడి బిగుసుకుపోయేవి. నత్తకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. ఒత్తిడి తీసేస్తే అన్నీ మళ్లీ మామూలే.

"మొన్న మద్రాసు నుంచి ప్రొఫెసర్లు వచ్చినారు. తోకకప్పలను కుండనీళ్లతో సహా సిలిండరులో పోస్తే, చచ్చినట్టు అడుగున పడినాయి. ఒత్తిడి పెంచితే లేచి ఈదినాయి! తీసేస్తే మళ్లీ పడినాయి. నేను చెప్పిందంతా తలకిందులు. వాళ్లు నవ్వుకుంటా రైలెక్కినారు. రొయ్యలు ఎప్పటిలాగే వణికినా, చూసే నాథుడు లేడు. ఈ వారంలో డబ్బా తీసెయ్యమన్నాడు మిల్లు యజమాని శెట్టి. ఇరవై ఏళ్ల నా కష్టం పాత ఇనుముకు పోతాది."

"ఎవరిమీదైనా అనుమానమా?"

"నా బామ్మర్ది శేషప్ప. ఇది జీవహింస అని రోజూ పోరు."

"ఇంకెవరు ముట్టుకునే వీలుంది?"

"ప్రెస్సు మేస్త్రీ గోవిందన్న. వాణ్ని అనుమానిస్తే నన్ను నేను అనుమానించినట్టే. చిన్నప్పటి నేస్తం. ఆ సిలిండరు చేసింది కూడా వాడే."

మిల్లులో పత్తి ధూళికి రామన్న తుమ్ములు ఆగలేదు. శేషప్ప దాపరికం లేకుండా మాట్లాడాడు.

"మూగజీవాలను ఇనుపడబ్బాలో యాతన పెట్టేది నాకు ఇష్టం లేదు సామీ. బావకు మొగం మీదే సెప్పినాను. అయినా తిండి పెట్టే మనిషి, తెమ్మంటే తెచ్చినాను."

"రొయ్యలూ, తోకకప్పలూ రెండూ నువ్వేనా?"

"రెండూ నేనే. తోకకప్పల కుండ ముందురోజే ఈడ పెట్టినాను. రొయ్యలు ఇంట్లోనే ఉండె, పొద్దున తెచ్చినాను."

దొంగ దొరికాడనుకున్నాడు రామన్న. గుండూరావు మాత్రం సిలిండరు చుట్టూ తిరుగుతూ, దాని కొత్త పచ్చరంగు మీద, ఆదెప్ప పేరు రాసి ఉన్న చోట గుడ్డివాడిలా వేలితో తడుముతున్నాడు. ఆ రంగు వాసన ఇంకా ముక్కు పగలగొడుతూనే ఉంది.

ఆవరణలో ఒక వరస బేళ్లు మీద రాత లేకుండా పడి ఉన్నాయి. "వీటిని పంపలేదేం, మేస్త్రీ?" అని అడిగాడు గుండూరావు.

"మార్కా వేయకుండా పంపేదెట్ల సామీ?" అన్నాడు గోవిందన్న. "నొక్కిన మేస్త్రీ పేరు మార్కా లేంది బేలు గేటు దాటదు. బేలు పగిలితే తిట్లు నాకే, బాగుంటే పేరు నాకే. సిరా గడ్డ కట్టింది, కలిపేదానికి స్పిరిట్ లేదు."

"మొన్ననే కొత్త సీసా వచ్చిందని గుమాస్తా అన్నాడే?"

"ఒలికిపాయె."

మద్యనిషేధం రోజులు కాబట్టి స్పిరిట్‌ను బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఆ తాళంచెవి గోవిందన్న మొలతాడుకు వేలాడుతోంది.

మర్నాడు గుండూరావు అందరినీ ప్రెస్సు గదికి పిలిచాడు. మిల్లు శెట్టి కూడా వచ్చాడు. మందుల షాపులో కొన్న, సారాయంత మత్తున్న అల్లం టింక్చరును కొద్దికొద్దిగా తోకకప్పల నీళ్లలో కలిపాడు. కాసేపటికి అవి తూలి అడుగున పడ్డాయి. వాటిని సిలిండరులో పోయించి, "మేస్త్రీ, పంపు నడుపు" అన్నాడు.

గోవిందన్న నడిపాడు. ఒత్తిడి చూపే ముల్లు పైకి పోయేకొద్దీ తోకకప్పలు ఒక్కొక్కటే కదిలి, ఈదసాగాయి. ఆదెప్ప కిటికీకి ముఖం ఆనించి చంటిపిల్లాడిలా చూశాడు.

"మేష్టారూ, మీరు చెప్పింది తప్పు కాదు. ఒత్తిడి నరాలను రేపుతుంది, మత్తు వాటిని పడుకోబెడుతుంది. రెండూ ఢీకొంటే మత్తు దిగుతుంది. మొన్న మీ తోకకప్పలు తాగి ఉన్నాయి. ఆ వాసనను కొత్త రంగు కప్పేసింది. శేషప్పే అయితే ఇంట్లోని రొయ్యలను వదిలేవాడు కాదు. మిల్లులో ఉన్న కుండకే మత్తు చేరింది. మిల్లులో మాయమైంది స్పిరిట్, దాని తాళంచెవి ఉన్నది ఒక్కరి దగ్గరే."

"వాడెందుకు చేస్తాడు?" అంటూ ఆదెప్ప నేస్తం వైపు తిరిగాడు. "చెప్పరా గోవిందా, నువ్వు కాదని చెప్పు!"

గోవిందన్న పంపు ఆపాడు. "నేనే పోసినాను. సస్తాయనుకుంటి."

"నా కడుపు మీద కొట్టినావు గదరా!"

"ఎవరు ముందు కొట్టినారో, ఆ రంగు తడిమి చూసిన రావుగారిని అడుగు."

గుండూరావు నిట్టూర్చాడు. "ఆ పచ్చరంగు కింద ఇంకో పేరు వేలికి తగులుతోంది, మేష్టారూ. ఇప్పుడు పైన మీ పేరొక్కటే ఉంది."

ఆదెప్ప తల దించుకున్నాడు. "మద్రాసువాళ్ల ముందు... మిల్లు మేస్త్రీ పేరెందుకులే అనుకున్నాను. అది నా తప్పే. కానీ ఒకే కంచంలో తిన్నాం, నన్ను ఒక్క మాట అడగరాదా?"

"అడిగి రాయించుకుంటే అది నా మార్కా ఎట్లయితాది, ఆదెప్పా?"

గోవిందన్న తాళంచెవి తీసి శెట్టి చేతిలో పెట్టి, ముసురులోకి వెళ్లిపోయాడు. శెట్టి గొంతు సవరించుకుని, సిలిండరును అక్కడే ఉంచుకోవచ్చన్నాడు. ఆదెప్ప ఆ మాట విన్నట్టే లేడు. కిరసనాయిలు గుడ్డతో పచ్చరంగును రుద్దుతున్నాడు. రామన్నకు ఎవరిమీద జాలిపడాలో తెలియలేదు. కాసేపటికి పాత తెల్లరంగులో గోవిందన్న పేరు బయటపడింది. దాన్ని చూడడానికి గోవిందన్న అక్కడ లేడు.