తొమ్మిదో రేవు

"చీకటి"కి మాటల బరువు చూసే తూనికపలక మీద నాలుగు పడింది. తరళ దాన్ని కొట్టేసి "సాయంత్రం" అని పెట్టింది. ఒకటికి దిగింది. "అందరూ" రెండు, "అందరం" ఐదు. మూడు దాటిన మాట ఏదీ రాణిగారి దీపావళి సందేశంలోకి వెళ్ళకూడదు. ఒకసారి ఆవిడ "ఓపిక" అన్నందుకు మంత్రివర్గమే పడిపోయింది. అప్పటినుంచే ఈ పలక, పద్దెనిమిదేళ్ళుగా తరళకు ఈ కొలువు. మాటలు యంత్రం కూరుస్తుంది, గొంతు పాత సందేశాల నుంచి తీస్తుంది. రాణిగారు వచ్చి శ్వాసముద్ర వేస్తే చాలు. మైకు ముందు ఐదు నిమిషాలు ఊపిరి పీల్చి వదలాలి. ఆ ఊపిరి వాక్యాల మధ్య అతికితేనే సందేశం చట్టప్రకారం ఆవిడది అవుతుంది.

తరళ చిన్నప్పుడు ఆవిడే మాట్లాడేవారు. నీలిరేవులో చేపల వేలంపాక ముందు రేడియో చుట్టూ ఊరంతా చేరేది. రాణిగారు ఉత్తరం నుంచి దక్షిణానికి పన్నెండు రేవులనూ పేరుపేరునా పలకరించేవారు. పేరు పలికిన రేవుకు ఆ ఏడు కట్ట మరమ్మతు, మందుల పడవ వచ్చి తీరాలి. ఎవరూ రాయని చట్టం అది. నీలిరేవు తొమ్మిదోది. ఎనిమిదో పేరు అయ్యేసరికి ముసలాళ్ళు కూడా చుట్టలు ఆర్పేసేవాళ్ళు. "మన పేరుకి ముందు దగ్గేరు, సూశావా? ఈ యేడు గోడ లేపుతారు," అని నాన్న తేల్చేసేవాడు. ఆయన జోస్యాలు సగం తప్పేవి. అయినా ఎంత బాగుండేవో ఆ సాయంత్రాలు. ఎక్కడో కోటలో మనిషి దగ్గినా మనకోసమే అనిపించేది.

ఈ ఏటి సందేశం ప్రతిలో పదకొండు పేర్లే ఉన్నాయి. నీలిరేవు కట్టను వదిలేస్తారన్నది ఉత్త పుకారు కాదన్నమాట. కట్ట చూసేవాళ్ళు లేకపోతే ఊరు ఒక్క వానాకాలం కూడా నిలవదు. అక్క కమలిని, ఇద్దరు పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. తరళ ఆ పేరు పలక మీద పెట్టి చూసింది. పద్నాలుగు.

నాలుగింటికి రాణిగారు వచ్చారు. ఎనభై ఒకటో ఏడు. కళ్ళజోడు సర్దుకుని ప్రతి అంతా చదివారు.

"అమ్మాయ్, నీలిరేవు ఏదీ?"

"మంత్రివర్గం నుంచే అలా వచ్చిందండి."

"నువ్వు కలపలేవా?"

"బరువు తగ్గించడం వరకేనండి నా పని. మాట చేర్చలేను."

"నన్నెవరూ అడగలేదు. నా ఊపిరి మాత్రం కావాలి వీళ్ళకి," అంటూ ఆవిడ మైకు ముందు కూర్చున్నారు.

నాలుగో నిమిషంలో, రెండు ఊపిర్ల మధ్య, ఎవరినీ చూడకుండా మెల్లిగా అన్నారు: "నీలిరేవు."

ఊపిరిని పలక తూచదు. అందులో మాట దొర్లితే తుడిచేయాల్సింది తరళే. ఏటా ఆవిడ అనే "అబ్బా", "అమ్మయ్యా" తుడుస్తూనే ఉంది. రాణిగారు గుమ్మం దగ్గర ఆగి, "ఇన్నేళ్ళూ తుడిచావుగా. ఇదీ నీ ఇష్టమే," అని వెళ్ళిపోయారు.

తరళకు సిగ్గేసింది. ఆ ఊపిరిని తుడవకుండా తీసి, ఎనిమిదో పేరు తర్వాత అతికించి పంపేసింది.

ఆరున్నరకు సందేశం మొదలైంది. నలభై ఏళ్ళనాటి నిండు గొంతు ఎనిమిది పేర్లు చదివింది. తర్వాత ఒక ముసలి ఊపిరి, ఒక అరిగిన గొంతు, నీలిరేవు. మళ్ళీ నిండు గొంతు అందుకుంది.

సందేశం ముగియకముందే మంత్రివర్గ కార్యదర్శి వరాహమూర్తి ఫోన్ చేశాడు. "తరళగారూ, తుడవడం మరిచిపోయారు, అంతేగా? పొరపాటని ఒక్క మాట అనండి, సవరణ పంపించేస్తాం. మీ కొలువుకి ఢోకా ఉండదు."

తరళకు భయమేసింది.

"మరిచిపోలేదండి. రాణిగారే అన్నారు, నేనే ఉంచాను."

"ఈ మాట రికార్డవుతోంది. ఆలోచించుకోండి."

"అవనివ్వండి," అంది తరళ. "పేరు పలికారు కదండీ. కట్ట పని ఎప్పుడు మొదలెడతారు?"