నాలుగో చుట్టు తిరగని బోల్టు

"చక్రం ఊడే పని నేను చెయ్యలేదు మేడమ్!"

మెకానిక్ ఆ మాటతోనే గదిలోకి వచ్చాడు. డిటెక్టివ్ చేతిలో ఇంకా మొదటి టీ. అతను బల్లమీద పెట్టిన అల్యూమినియం బిళ్ళకు మధ్యలో పెద్ద చిల్లు, చుట్టూ ఐదు చిన్న చిల్లులు ఉన్నాయి.

"ఇది స్పేసర్. చక్రం వెనక పెడితే చక్రం పదిహేను మిల్లీమీటర్లు బయటికొస్తుంది. కారుకి అందం, మలుపుల్లో పట్టు."

ఓ కుర్రాడు తన ఎర్ర స్పోర్ట్స్ కారు వెనక చక్రాలకు అవి వేయించుకున్నాడు. మూడు రోజుల కిందట మలుపులో ఎడమ వెనక చక్రం ఊడి, కారు గోడకు గుద్దుకుని, అతని కాలు విరిగింది. తండ్రి ఫిర్యాదు చేశాడు. సాయంత్రానికల్లా అరెస్టు అన్నాడట ఇన్‌స్పెక్టర్.

"బోల్టులు సరిగ్గా బిగించావా?"

"స్పేసర్‌తో పాటు పొడుగు బోల్టులు కూడా కొత్తవే వేశాను. బిగించాక ఒక్కోదాని మీదా పసుపు గీత పెట్టాను. గీత జరిగితే బోల్టు వదులైనట్టు. అది నా అలవాటు. కారుతో వచ్చిన పాత కంపెనీ బోల్టులు పదీ కవర్లో వేసి ఇచ్చేశాను."

"ఈయన అబద్ధం చెప్పడు మేడమ్," అంది అసిస్టెంట్ ఆవేశంగా.

"నీకెలా తెలుసు?"

"గోళ్ళ కింద పసుపు రంగు."

డిటెక్టివ్ నవ్వింది. ఆ నవ్వొక్కటి చాలు, అసిస్టెంట్‌కు రోజంతా పండగే.

కుర్రాడి ఇంట్లో సోఫాకు షాపువాళ్ళు తొడిగిన ప్లాస్టిక్ తొడుగు అలాగే ఉంది. టీవీ రిమోట్ కూడా కవర్లోనే. ఫ్రిజ్ తలుపుమీద కంపెనీ స్టిక్కరు తళతళలాడుతోంది. తండ్రి నడుముకు వేడినీళ్ళ సంచి ఆన్చుకుని కూర్చున్నాడు.

"నడుం ఏమైంది?"

"ఆదివారం పొద్దున పట్టేసింది. నా నడుం సంగతెందుకు? వాడు బతికి బయటపడ్డాడు, అది చెప్పండి! కంపెనీ బోల్టులు కూడా ఆపలేకపోయాయంటే ఆ బిళ్ళ ఎంత పాపిష్టిదో!"

కట్టు కాలుతో కూర్చున్న కుర్రాడి పక్కన కోడలు కళ్ళు తుడుచుకుంటోంది. పెళ్ళయి నెల కూడా కాలేదు.

"తప్పు నాదేనండీ. చక్రాలు బుగ్గలు పీక్కుపోయినట్టున్నాయని ఏడిపించాను. రెండో రోజే వేయించుకొచ్చేశారు. కాసేపు అటు చూడ్డం, ఇటు చూడ్డం, కారు చుట్టూ ఇద్దరం చిన్నపిల్లల్లా తిరిగాం. ఆ సోమవారం నన్ను ఆఫీసు దగ్గర దింపి ఐదు నిమిషాలైనా కాలేదు..."

"పాత బోల్టులు ఏం చేశారు?"

"మావయ్యగారు ఏదీ పారెయ్యరు. బిస్కెట్ డబ్బాలో దాచారు."

"సాయంత్రం అందరూ మెకానిక్ షెడ్డుకు రండి. డబ్బా కూడా తెండి," అంది డిటెక్టివ్.

సాయంత్రం షెడ్డులో జాకీమీద కారు నిలబడి ఉంది. ఇన్‌స్పెక్టర్ రోడ్డుమీద ఏరిన ఐదు బోల్టులు బల్లమీద పోశాడు. వేటిమీదా పసుపు గీత లేదు. కుడి చక్రం మీది ఐదింటికీ ఉంది.

కోడలు డబ్బా మూత తీసింది. ఐదు పొట్టి బోల్టులు, వాటి కింద ఐదు పొడుగువి. పొడుగువాటి తలలమీద పసుపు గీతలు.

కుర్రాడు ఊతకర్ర గట్టిగా పట్టుకున్నాడు.

"ఇవి ఇంట్లోకి ఎలా వచ్చాయి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఎడమ చక్రం బోల్టులు ఎవరో మార్చారు. చంపడానికి కాదు, కాపాడటానికి. కంపెనీ వస్తువంటే ప్రాణమిచ్చే మనిషి, షాపు బోల్టుల్ని నమ్మని మనిషి. రెండో చక్రం దగ్గరికి వచ్చేసరికి నడుం పట్టేసింది." డిటెక్టివ్ తండ్రి వైపు తిరిగింది. "ఊడినవి కంపెనీ బోల్టులని పొద్దున మీరే అన్నారు. మేమెవరమూ మీకు చెప్పలేదు."

అసిస్టెంట్ నోరు తెరిచింది. ఆ మాట తనూ విన్నది!

"అవును, మార్చాను!" అన్నాడు తండ్రి. "వాళ్ళు నిద్రలేవక ముందే మార్చాను. దాచలేదు, వాడు నవ్వుతాడని చెప్పలేదు, అంతే. మంచి బోల్టులేగా వేశాను? తప్పు బిళ్ళదేగా?"

డిటెక్టివ్ స్పేసర్‌ను చక్రం బిగించే హబ్‌కు ఆనించి, మెకానిక్ చేత పైన చక్రం పెట్టించి, తండ్రికో పొట్టి బోల్టు ఇచ్చింది.

"బిగించండి. చుట్లు పైకి లెక్కపెట్టండి."

"ఒకటి. రెండు. మూడు." బోల్టు తల చక్రానికి ఆనింది. నాలుగో చుట్టు తిరగలేదు.

"మిగతా పొడుగంతా బిళ్ళ మందమే మింగేసింది. ఇప్పుడు పొడుగుది."

అది పద్నాలుగో చుట్టుకు గానీ ఆగలేదు.

"మూడు చుట్లమీద... పిల్లలిద్దర్నీ ఎక్కించానా?" అన్నాడు చివరికి. "ఆ రోజు అనుకున్నాను కూడా. కంపెనీది కదా, ఇట్టే పట్టేసిందని..."

ఆయన మెకానిక్ ముఖంలోకి చూడలేక ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు.

"ఆ ఫిర్యాదు కాగితంలో పేరు మార్చండి బాబూ. నాది రాయండి."

"ఎవరి పేరూ వద్దు. దెబ్బ తగిలింది నాకు, నేను సంతకం పెట్టను," అన్నాడు కొడుకు.

మెకానిక్ మిగిలిన నాలుగు పొడుగు బోల్టులు ఏరి తండ్రి దోసిట్లో పోశాడు.

"ఇంకో నాలుగున్నాయి సార్. కానివ్వండి. పసుపు గీత నేను పెడతాను."