మూగసందులో పలికినవాడు

మా సమోరా ఊళ్లో మూగసందు పేరెత్తితే తాగినవాడికి కూడా మత్తు దిగిపోతుంది. పెద్ద చర్చి వెనకనుంచి ఏటివైపు దిగే ఇరుకు సందు అది. పూర్వం ఊరికి మహమ్మారి వచ్చినప్పుడు జబ్బుపడ్డ ఒకావిడ ఆ సందులో ప్రతి తలుపూ తట్టిందట. లోపలున్నవాళ్లు ఒక్కరూ పలకలేదు. అక్కడే గోడకి ఆనుకుని ప్రాణం వదిలింది.

అప్పట్నించీ చీకటిపడ్డాక ఆ సందులో వెనకనుంచి పిలుపు వినిపిస్తుందంటారు... మన ఇంట్లోవాళ్ల గొంతుతోనే. పలికామో — ఏడాది తిరక్కుండా ఆ గొంతుగలవాళ్లు పోతారు.

ఎలాదియోకి ఇదంతా ఉగ్గుపాలతో తెలిసిందే. కానీ ఆ ఏడు, ఈస్టరు ముందొచ్చే పవిత్ర వారంలో అతనికి దెయ్యాల ధ్యాస లేదు. కూతురు నీవెస్‌కి జ్వరం ఎంతకీ వదలడం లేదు. బుధవారం రాత్రి గడిస్తే గండం గడిచినట్టేనన్నాడు డాక్టరు. పిల్ల బతికితే చాలు, ఆ రాత్రి జరిగే మౌన ఊరేగింపులో ఒక్క మాట కూడా జారనివ్వనని మొక్కుకున్నాడు ఎలాదియో.

"నువ్వు ఒక పూట నోరు మూసుకోవడమే పెద్ద అద్భుతం బావా. దేవుడు తప్పకుండా వింటాడు," అన్నాడు బావమరిది ఫెర్మీన్, ఊరేగింపులో అందరూ వేసుకునే ఎర్ర ముసుగు అతనికి సర్దుతూ.

"ఎగతాళి తర్వాత. మీ అక్క కునుకు తీయదు కదా?"

"కన్నకూతురు బావా. ఎందుకు తీస్తుంది?"

పిల్ల నుదుటి మీదనుంచి చెయ్యి తీయలేక ఎలాదియో ఆలస్యం చేశాడు. దాంతో వరసలో చిట్టచివర నిలబడాల్సొచ్చింది. అతనికి ముందు ఫెర్మీన్. చర్చి ముందు అందరూ మోకరించి, ఊరేగింపు ముగిసేదాకా నోరు విప్పబోమని ప్రమాణం చేశారు. ఇక అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

వరస మూగసందులోకి తిరిగింది. ఒకరి వెనక ఒకరు మాత్రమే పట్టే సందు. ముసుగుకి కళ్ల దగ్గర రెండు చిల్లులే కాబట్టి, వెనక్కి చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. ముందు కొవ్వొత్తులు ఒక్కొక్కటే మలుపు తిరిగి కనుమరుగవుతున్నాయి.

"నాన్నా..."

నీవెస్ గొంతు.

ఎలాదియో కాళ్లు ఆగిపోయాయి. పిల్ల ఇంట్లో మంచం మీద ఉంది, పక్కనే వాళ్లమ్మ ఉంది... ఇది పిల్ల కాదు. నడవాలి.

"నాన్నా, చలేస్తోంది."

ఫెర్మీన్ కూడా విన్నాడు. గిర్రున తిరిగి బావ చెయ్యి పట్టుకుని, వద్దన్నట్టు తల ఊపాడు.

పలికితే మొక్కు చెడుతుంది. పలికితే సందు శాపమూ పిల్లకే తగులుతుంది. ఎటు చూసినా నోరు మూసుకోవడమే పిల్లకి మంచిది. అంతా తెలుసు... కానీ చలేస్తోందని పిలిచే కూతురికి పలక్కుండా ఎలా పోతాడు? అతనివల్ల కాలేదు.

"వస్తున్నా తల్లీ," అన్నాడు.

వెనక్కి తిరిగి కొవ్వొత్తి ఎత్తాడు. గోడ మొదట్లో, రాతి మెట్టు మీద, పల్చటి గౌనులో, ఉత్త కాళ్లతో — నీవెస్.

ముసుగు లాగి పారేసి పిల్లని తడిమి చూశాడు. నిజంగా నీవెసే. ఊపిరి ఆడుతోంది. ఒళ్లంతా చెమటపట్టి చల్లబడింది. అతనికి ఏడుపు ఆగలేదు.

"అక్క కునుకు తీసినట్టుంది," గుసగుసగా అన్నాడు ఫెర్మీన్. అతని ప్రమాణమూ అక్కడితో సరి. "జ్వరం మైకంలో నీ వెనకే వచ్చేసింది బావా. ఇదా మన దెయ్యం! పిలవబట్టి సరిపోయింది గానీ, తెల్లారేసరికి చలికి బిగుసుకుపోయేది."

ఇంటికి తెచ్చి దుప్పట్లు కప్పారు. తల్లి విసీ తలబాదుకుంటూ వెచ్చటి పాలు పట్టింది. జ్వరం నిజంగానే దిగింది. ఎలాదియో కూతురి పాదాలు రుద్దుతూ, "అంత గట్టిగా పిలిచి ఎంత మంచిపని చేశావు బంగారూ," అన్నాడు.

నీవెస్ పెదవులు కదిలాయి. గొంతు పూడుకుపోయి గాలి తప్ప ఏమీ రావడం లేదు. తండ్రి చెవి దగ్గర పెట్టి వినాల్సొచ్చింది.

"నేను పిలవలేదు నాన్నా... నాకు మాటే రాలేదు. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్న ఆవిడ పిలిచింది."

ఎలాదియో చేతులు ఆగిపోయాయి.

"నువ్వు పలకగానే ఏడ్చేసింది నాన్నా. ఇన్నేళ్లకి ఒకరు పలికారు... ఇక మీ ఇంట్లోనే ఉంటానంది."