మూడో రోజు ట్యూబు

ఉదయం 11:20. సూర్యాపేట బస్టాండులో కోదాడ ల్యాబ్ టెక్నీషియన్ రాజారత్నం చనిపోయాడు. పక్కన సగం తాగిన టీ ఉంది. ఒళ్లో ఉండాల్సిన బ్యాగు లేదు.

ఎరువుల సేల్స్‌మన్ వేషంలో ఆ బ్యాగు కోసమే వచ్చిన ఏజెంట్ మహిపాల్, శవం నాడి చూసి, తన నిఘా డిపార్ట్‌మెంటు చీఫ్ సుమతికి ఫోన్ చేశాడు.

"బ్యాగు పోయింది మేడం."

"అయితే విను. మిర్యాలగూడ దవాఖానల గౌరీబాయి ఉన్నది. మేకల్ని కాస్తది. పిడుదు కుట్టి లైమ్ రోగం గుండెకెక్కింది. సెఫ్‌ట్రియాక్సోన్ అనే మందు ఇస్తున్నరు. అది పనిచేస్తలేదని కోదాడ ల్యాబ్ రిపోర్టిచ్చింది. మూడింటికి ఆపి విదేశీ ముఠా ఇంజెక్షన్ ఎక్కిస్తరు. అది ఎక్కించుకున్న ముగ్గురూ పోయిండ్రు."

"డాక్టర్‌కి చెప్తే?"

"రుజువు అడుగుతది. అది ఆ బ్యాగులనే ఉండె. నువ్వు పోయి కోదాడ ల్యాబ్ హెడ్‌ని కలువు."

ఆ ముగ్గురిలో ఒకడు మహిపాల్ పార్ట్‌నర్ సత్యానందం. కిందటేడు అతనికీ ఇదే రోగం వస్తే, అదే ల్యాబ్ ఇచ్చిన రిపోర్టును మంచం దగ్గరికి తీసుకెళ్లింది మహిపాలే. మందు మార్చారు. రెండో రోజు గుండె ఆగింది. అప్పటి నుంచి మానిటర్ చప్పుడు ఎక్కడ వినబడ్డా మహిపాల్ బీప్‌లు లెక్కపెడతాడు.

12:40. కోదాడ. ల్యాబ్ హెడ్ శ్రీవాణి పట్టుచీర, నల్ల కళ్లద్దాలతో కారులో కూర్చుని ఉంది. ఆమె ముఠాకూ పనిచేస్తుంది, డిపార్ట్‌మెంటుకూ పనిచేస్తుంది.

"యూరియా వచ్చిందా?" అన్నాడు మహిపాల్.

"వాన పడ్డాకే." కోడ్ సరిపోయింది. "రాజారత్నం ఏడండీ?"

"లేడు."

ఆమె కళ్లద్దాలు తీసింది. "ఈ క్రిమి చాలా నెమ్మదిగా పెరుగుద్దండి. అందుకని రోగి క్రిములూ మందూ కలిపిన ట్యూబుని మేం పద్నాలుగు రోజులుంచి చూస్తాం. అన్ని రోజులు ముప్పై నాలుగు డిగ్రీల్లో ఉంటే ట్యూబులో మందే పాడైపోద్ది. మిగిలిన ఒకటీ అరా క్రిములు మళ్లీ పెరుగుతాయి. మందు పనిచెయ్యట్లేదని రాసేస్తాం. మూడో రోజు చూస్తే ఒక్కటీ కదల్లేదు, అంటే మందు పనిచేసినట్టేనండి."

"తెల్వక రాసినవా?"

"మొదటిసారి తెలీకే. ముఠా అది పట్టుకుని బెదిరించింది. తర్వాత తెలిసే రాశాను."

"మొదటిసారి ఎవరిది?"

"సత్యానందం గారిది."

"ఆయన ట్యూబు, మూడో రోజు?"

"కదల్లేదండి."

మహిపాల్ రుజువు కోసం చెయ్యి చాపాడు. శ్రీవాణి లిప్‌స్టిక్ అడుగు తిప్పి మెమరీ కార్డు తీసింది. "గౌరీబాయి ట్యూబు, మూడో రోజు వీడియో. రాజారత్నం తెచ్చినదానికి కాపీ. వెళ్లండి. నేనొస్తే వాళ్లూ వెనకే వస్తారు."

2:56. మిర్యాలగూడ. గౌరీబాయి నాడి ముప్పై ఆరు. తెల్లకోటు వేసుకున్న ముఠా మనిషి కొత్త సీసాను సెలైన్ ట్యూబుకు తగిలించాడు. మహిపాల్ ఆ ట్యూబును పిడికిట్లో నులిమి పట్టుకున్నాడు.

"ఎవరయ్యా నువ్వు? ఎరువులమ్మేటోనికి ఐసీయూల ఏం పని?" అంది డాక్టర్ అరుణ.

"జర ఈ మూడో రోజు ట్యూబు వీడియో సూడండి మేడం, పాత మందుకే క్రిములు సచ్చినయ్. అంతదాంక ట్యూబు ఇడువ."

ఆమె ఫోన్‌లో చూసింది. మహిపాల్ ముప్పై నాలుగు బీప్‌లు లెక్కపెట్టాడు. 2:59కి అరుణ కొత్త సీసాను తీసేసి, పాత మందు మళ్లీ పెట్టమంది. పారిపోబోయిన తెల్లకోటు మనిషి మెట్ల దగ్గర దొరికాడు. శ్రీవాణి ఫోన్ ఆ సాయంత్రం నుంచి స్విచాఫ్‌లో ఉంది.

ఆరో రోజు గౌరీబాయి లేచి కూర్చుంది. నాడి అరవై నాలుగు.

"నా మేకలెట్లున్నయ్ సారూ?" అని అడిగింది.

పిడుదులు పట్టాయని పశువైద్యులు మేకలన్నింటినీ తోలుకుపోయారు. ఆ సంగతి ఆమెకు చెప్పే పని మహిపాల్‌కు అప్పగించారు.