శుక్రవారం చప్పుడు

తెల్లవారేసరికి ఆకాశమంతా మబ్బు పట్టింది. చినుకు లేదు. గోదావరి వైపు మాత్రం బొగ్గుతో గీసినట్టు ఒక నల్లటి చార అడ్డంగా నిలబడి ఉంది. లక్ష్మణ్ వాకిట్లో నిలబడి చాలాసేపు దానివంకే చూశాడు. మస్కట్‌లో అతను మబ్బు చూసిన రోజులు తక్కువ.

మంథనికి దగ్గర్లోని ఆ ఊళ్లో నిన్న సాయంత్రమే బస్సు దిగాడు. పన్నెండేళ్ల పరదేశం అయిపోయింది, ఇక తిరిగి పోయేది లేదు. చివరిసారి వచ్చిపోయి ఐదేళ్లవుతోంది. దిగిన దగ్గర్నుంచీ ఒకటే మాట, బండి ఏదీ అని. "రేపు పొద్దుగాల చూద్దువుగని, ముందుగాల బువ్వ తిను" అని భార్య జమున మాట దాటేసింది. కూతురు అలేఖ్య తల్లి ముఖం చూసి ఊరుకుంది.

ఆ బండి పాత సీడీ హండ్రెడ్ మోటారు సైకిల్. పెళ్లయిన ఏడు కొన్నాడు. కొండగట్టులో పూజ చేయించి, తండ్రి రాయమల్లును వెనక కూర్చోబెట్టుకుని ఊళ్లోకి తెచ్చాడు. పొత్తిళ్లలో అలేఖ్య ఇంటికి వచ్చింది దాని మీదే. రాయమల్లు చివరిసారి దవాఖానకు పోయిందీ దాని మీదే. మస్కట్ పోతూ జమునకు ఒక్కటే చెప్పాడు, వారానికోసారి స్టార్టు చేస్తుండమని.

అక్కడ శుక్రవారం సెలవు. ఆ రోజు వీడియో కాల్‌లో మాటలన్నీ అయ్యాక జమున ఫోను పట్టుకుని కొట్టం వైపు పోయేది. కొట్టం చీకట్లో ఏమీ కనిపించేది కాదు, బండి చప్పుడు మాత్రం వినిపించేది. మూడు కిక్కులకు లేవదు, నాలుగో దానికి అందుకుంటుంది. నాలుగేళ్ల కిందట దానికి ఒక దగ్గు మొదలైంది. "కార్బొరేటర్ కడిగిపియ్యుండ్రి" అని ప్రతిసారీ చెప్పేవాడు. ఆ చప్పుడు చెవిలో పెట్టుకుని మిగతా వారమంతా ఎండలో పరంజాలు ఎక్కి దిగేవాడు. ఇల్లంటే అతనికి ఆ చప్పుడే.

కొట్టంలోకి పోయి టార్పాలిన్ లాగాడు. ట్యాంకు తనదే. ఎడమపక్క సొట్ట అలాగే ఉంది. మిగతాది ఎవరిదో. పుల్లల చక్రాలు పోయి అలాయ్ చక్రాలు వచ్చాయి. ముందు డిస్కు బ్రేకు. ఇంజను నల్లరంగుది.

"ఏందే ఇది?" అన్నాడు వెనక్కి తిరగకుండానే.

"పాత సామాన్లు దొరుకుతలేవట. పిల్ల జర మంచిగ చేసింది" అంది జమున గుమ్మంలో నిలబడి.

"ఎవలు చెయ్యిమన్నరు?"

"నేనే చేసిన బాపూ" అంటూ అలేఖ్య ముందుకొచ్చింది. "ఇంజను స్ప్లెండర్‌ది, ముందటి చక్రం ప్యాషన్‌ది. నీ చాసిస్‌కు సక్కగ కూసున్నయి. సెల్ఫ్ గూడ వెట్టిన, చూడు." గబగబా మీట నొక్కింది. బండి నున్నగా లేచింది, దగ్గు లేదు, తడబాటు లేదు.

లక్ష్మణ్ తల అడ్డంగా ఊపాడు. "గిది గాదు. మొన్న శుక్రవారం ఫోన్ల ఇనిపిచ్చింది గిది గాదు."

"సైలెన్సర్ మారింది గద, గందుకే..." జమున చూపు నేల మీద ఉంది. అలేఖ్య బండి ఆపేసింది.

సరిగ్గా అప్పుడే గోడ అవతల పక్కింటి వెంకటి పొలానికి బయలుదేరాడు. ఒక కిక్కు. రెండు. మూడు. నాలుగో దానికి అతని బండి అందుకుంది. ఒక దగ్గు దగ్గి సర్దుకుంది.

సీటు మీది నుంచి లక్ష్మణ్ చెయ్యి జారిపోయింది. నడిచి గోడ దగ్గరికి పోయాడు.

"వెంకటీ, బంద్ చేసి మల్లోపాలి కొట్టు."

"అన్నా, మంచిగున్నవా? నిన్ననే వచ్చినవట..."

"కొట్టుమంటున్న."

వెంకటి గోడ మీదుగా జమున వంక చూశాడు. ఆమె ఏ సైగా చేయలేదు. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే దగ్గు.

"ఎన్నేండ్ల సంది?"

"నాలుగేండ్ల కింది వరద సంది అన్నా" అన్నాడు వెంకటి, తప్పు తనదైనట్టు. "శుక్రారం నేను యాడున్నా నీ ఫోను టయానికి ఇంటికి రావాలె, వదిన మాట. నువ్వు చెప్తున్నవని రెండుసార్లు కార్బొరేటర్ గూడ కడిగిపిచ్చిన." నవ్వబోయి, ఎవరూ నవ్వకపోయేసరికి బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు.

అరుగు మీద తల్లి పోశవ్వ తునికాకుతో చుట్ట చుట్టుకుంటూ కూర్చుంది. లక్ష్మణ్ ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు. "అవ్వా, నీగ్గూడ ఎరుకేనా?"

"ఎరుకే కొడుకా. నా మీద ఒట్టు వెట్టిచ్చుకున్నరు."

"ఊరంత ఎరుకే. నాకొక్కనికే ఎరుకలేదు." గొంతు పెంచలేదు. అందుకే జమునకు భయం వేసింది. "గాడ మనిషి ఎట్ల బతుకుతడో మీకెరుకనా? శుక్రారం కోసం బతికిన. గా సప్పుడు ఇని, నా ఇల్లు మంచిగున్నదనుకున్న. మీరు నాకు పరాయోని బండి ఇనిపిచ్చి నవ్వుకున్నరు."

"ఎవలు నవ్విండ్రు బాపూ?" అలేఖ్య కళ్లు నిండాయి. "గోదారి నీళ్లు కొట్టంలకొచ్చి రెండు దినాలున్నయి. బండి హ్యాండిల్ దాక మునిగింది. ఇంజను ఇప్పితే గిలాసెడు ఒండ్రు ఎల్లింది. మంథని మెకానిక్ తూకానికి అమ్ముకోమన్నడు. నేనే వద్దన్న. కరీంనగర్ల కాలేజీకి పోంగ ఆదివారాలు షెడ్డుల పని నేర్చుకున్న. ఒక్కొక్క సామాను దేవులాడి తెచ్చిన. పది దినాల కిందనే లేచింది. సప్పుడు మారితే పసిగడ్తవని మొన్న గూడ వెంకటి కాక బండే ఇనిపిచ్చినం. నువ్వు దూరంల ఉండి పరేషాన్ అయితవని..."

"లేపినవు బిడ్డా. లేపింది నా బండిని గాదు. దీంట్ల నాదేమున్నది? సొట్ట ఒక్కటి." జమున వైపు తిరిగాడు. "ఇంకేమేం దాచిండ్రో. ఇగ మీ ఏ మాట నమ్మాలె?"

జమున అప్పటిదాకా కొంగుతో చేతులు తుడుస్తూనే ఉంది, తడి లేకపోయినా. ఇప్పుడు తల ఎత్తింది.

"నేనొక్కటడుగుత. నువ్వు ఫోన్ల చూపే గా ఏసీ రూము ఎవలది?"

లక్ష్మణ్ తల పక్కకు తిప్పుకున్నాడు.

"నాలుగేండ్ల సంది గదే మంచం మీద కూసోని మాట్లాడుతివి. ఎనుక బీరువా అద్దంల ఇద్దరు మగపిల్లల ఫొటో కనవడేది. మనకేడియి మగపిల్లలు? కొక్కేనికున్న అంగీ నీ అసోంటి ఇద్దరికి పడ్తది. నేనెప్పుడన్న అడిగిన్నా?"

అతను అరుగు అంచున కూర్చుండిపోయాడు. ఇక్కడ వరద వచ్చిన ఏడే అక్కడ అతని కంపెనీ మూతపడింది. తర్వాత దొరికిన పనిలో రేకుల డబ్బా లాంటి గది, ఎనిమిది మంచాలు. శుక్రవారం ఒక్క గంటకు స్నానం చేసి, ఉతికిన అంగీ తొడుక్కుని, అక్కడే పనిచేసే జగిత్యాల మల్లన్న ఏసీ గదిలో కూర్చునేవాడు. ఇంటోళ్లు పరేషాన్ అవుతారని. ఫోను పెట్టేసే ముందు ప్రతిసారీ జమున ఒక మాట అనేది: "ఏసీ జర తగ్గిచ్చుకో, సలి వెడ్తది." అదిప్పుడు గుర్తొచ్చింది. తెలిసే అనేదన్నమాట. నాలుగేళ్లు, ప్రతి వారం.

"మల్లన్నది" అన్నాడు, కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తకుండా. "నేను రేకుల డబ్బాల ఉంటి. ఎనిమిది మందిమి."

"డబ్బా అని ఎరుకలేదు" అంది జమున. "నీది గాదని ఎరుకే."

పోశవ్వ చుట్ట ముట్టించుకోలేదు. ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఇద్దరికిద్దరు దొరికిండ్రు నాకు" అని గొణిగింది.

లక్ష్మణ్ లేచి కొట్టంలోకి పోయాడు. వెనకే అలేఖ్య వచ్చి కొంచెం దూరంలో నిలబడింది. అతను వంగి ఒక్కో భాగం చేత్తో తడిమాడు. కిక్కు రాడ్ దగ్గర చెయ్యి ఆగింది. దాని రబ్బరు ఒక మూల అరిగి ఉంది. పదేళ్లు తన కాలు అరగదీసిన మూల.

"గది నీదే బాపూ" అంది అలేఖ్య. "కొత్త ఇంజనుకు పట్టిచ్చిన. సెల్ఫ్ ఉంటె అవసరం లేదుగని, తీయబుద్ధి గాలె."

మీట నొక్కకుండా అతను కిక్కు కొట్టాడు. మొదటి దెబ్బకే లేచింది. ఆ కొత్త చప్పుడును తల వంచుకుని చాలాసేపు విన్నాడు. ఆపేశాడు.

"చైను జర వదులున్నది" అన్నాడు.

"తిన్నంక బిగిద్దం" అంది అలేఖ్య.

వంటింట్లో నలుగురూ కింద కూర్చున్నారు. అన్నం, పచ్చిపులుసు, ఉడికిన గుడ్లు. కూతురి గోళ్ల కింద నల్లగా గ్రీజు ఇరుక్కుని ఉండటం లక్ష్మణ్ చూశాడు. తన పళ్లెంలో గుడ్డు తీసి ఆమె పళ్లెంలో పెట్టాడు. ఆమె వద్దనలేదు. జమున అడగకుండానే అతనికి ఇంకో గరిటె పులుసు పోసింది. బయట చినుకు మొదలైంది. వెంకటి బండి పొలం నుంచి తిరిగొస్తూ వాకిలి ముందు ఒకసారి దగ్గింది. నాలుగు చేతులూ పళ్లేల మీద ఆగాయి. తర్వాత లక్ష్మణ్ ముద్ద కలుపుకున్నాడు. మిగతా ముగ్గురూ కలుపుకున్నారు.