సగం ఇంజనుతో భీమిలి పందెం

పొగకాపలా యంత్రం ఎర్రదీపం వెలిగించి, తూనీగ అనే పందెం కారు ఇంజనులోని ఎనిమిది సిలిండర్ గదుల్లో నాలుగింటిని నిద్రపుచ్చేసింది. పందెం మొదలవడానికి అరగంట కూడా లేదు. విశాల హెల్మెట్ చేత్తో పట్టుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగి, మెకానిక్ సన్యాసిరావు ముందు ఆగింది.

"బాబాయ్, నిజం చెప్పు. ఏం చేశావు?"

"నానేటి సేసాను తల్లీ! ఏటా సేసిందే. టైర్ల కింద నిమ్మకాయలెట్టాను, కొబ్బరికాయ కొట్టాను, కూసింత సాంబ్రాణి ఏసాను..."

"ఎక్కడ వేశావు?"

సన్యాసిరావు కారు వెనక్కి చూశాడు. విశాలకు సంగతంతా అర్థమైపోయింది. పొగగొట్టం పక్కనే, ఈ ఏడే కొత్తగా బిగించిన పొగకాపలా ముక్కు కిందే ధూపం వేశాడు మహానుభావుడు.

పొగచట్టం వచ్చాక ఏ స్పోర్ట్స్ కారూ పొగకాపలా లేకుండా రోడ్డెక్కడానికి వీల్లేదు. ఇంజనుకు ఏ క్షణాన ఎంత బలం కావాలో అది కనిపెట్టి, అక్కర్లేని గదులను నిద్రపుచ్చి ఇంధనం మిగులుస్తుంది. అంతవరకూ అది దేవతే. హద్దు మించి పొగ కనబడితే మాత్రం సగం గదులు మూసేసి, సాయంత్రం దాకా ఎవరు కాళ్లావేళ్లా పడినా తెరవదు. ఆ పొగ ఇంధనానిదా, సాంబ్రాణిదా అని అడిగే తీరిక దానికి లేదు. న్యాయనిర్ణేతలు కడుపుబ్బ నవ్వారు గానీ, చట్టం చట్టమే అన్నారు. సగం ఇంజనుతో పరుగెత్తు, లేదా తప్పుకో.

తప్పుకోవడం విశాల వల్ల కాదు. మూడేళ్లుగా ఆమెది రెండో స్థానమే. ఈసారీ గెలవకపోతే తూనీగను వేరొకరికి అప్పగిస్తామని కంపెనీవాళ్లు ముఖం మీదే చెప్పేశారు.

"ఎక్కకమ్మా, నవ్వులపాలయిపోతావు," అన్నాడు సన్యాసిరావు. "తప్పు నాదని కంపెనీవోళ్లకి నాను సెప్తాను."

"చెప్పినా సీటు పోయేది నాకే బాబాయ్. పక్కకి తప్పుకో."

విశాఖ తీరం నుంచి భీమిలికి, భీమిలి నుంచి విశాఖకు ఆరు చుట్లు. మొదటి కొండ ఎక్కుడులోనే అందరూ ఆమెను దాటిపోయారు. ఏడుపు ముంచుకొచ్చింది. హెల్మెట్లో కళ్లు తుడుచుకోవడం కుదరదని ఆపుకుంది.

ఆ తర్వాత మొండికేసింది. ఉన్న వేగాన్ని పోగొట్టుకోకుండా, మలుపుల్లో బ్రేకు జోలికి పోకుండా, కారును ఒడుపుగా నడిపించింది. ఎనిమిది గదుల కార్లు ఇంధనం కోసం ఒక్కొక్కటే ఆగుతున్నాయి. నాలుగు గదుల తూనీగకు దాహమే లేదు. చివరి చుట్టుకు ఆమె ముందు ఇర్ఫాన్ కారొక్కటే మిగిలింది.

ఇంకో వింత కూడా జరుగుతోంది. గదులు నిద్రపోతూ లేస్తూ నడిచే ఇంజన్లకు చప్పుడు ఉండదు. అది జనానికి రుచించదని కంపెనీలు కారుకొక గర్జనపెట్టె బిగించాయి. నిరుటిదాకా ఉన్న ఇంజన్ల హోరునే అది లోపలా బయటా చెవులు చిల్లులు పడేలా వినిపిస్తుంది. శిక్ష పడ్డ కారుకు ఆ పెట్టె కూడా మూగబోతుంది. అందుకే విశాల చెవికి ఇన్నేళ్లలో మొదటిసారి టైర్ల రాపిడి, కెరటాల చప్పుడు, మనుషుల కేకలు వినబడుతున్నాయి.

రుషికొండ మలుపు దగ్గర చేపల గంపలు పక్కన పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు గొంతులు చించుకున్నారు.

"ఎడంపక్కకి రాయే తూనీగమ్మా! కుడేపంతా ఇసక!"

గాలి అప్పుడే ఇసుకను రోడ్డు మీదకు తోసింది. ఇర్ఫాన్ తన గర్జనలో తానున్నాడు. కుడివైపే తిప్పాడు. కారు గిర్రున తిరిగి, సముద్రం వైపు ముఖం పెట్టి ఆగిపోయింది. అతనికి దెబ్బ తగల్లేదు, పరువుకే తగిలింది. విశాల కళ్లు మూసుకున్నంత నమ్మకంతో ఎడమకు తిప్పి, బ్రేకు తాకకుండా దూసుకుపోయింది. సగం ఇంజనుతో భీమిలి పందెం గెలిచింది!

సన్యాసిరావు ఆనందం పట్టలేక న్యాయనిర్ణేతలను కూడా కౌగిలించుకున్నాడు. విశాల మెడలో దండ తీయకుండానే మలుపు దగ్గరికి తిరిగి వెళ్లింది. ఇందాక అందరికంటే గట్టిగా అరిచిన నూకరత్నం ఎదురొచ్చింది.

"ఇసుక సంగతి చెప్పి గెలిపించావు పిన్నీ."

"ఇయ్యాల కొత్తగా సెప్పామేటి? నువ్వు తొలీత పందేనికొచ్చిన కాడ్నించీ తూనీగమ్మా, తూనీగమ్మా అని అరుత్తానే ఉన్నాం. ఏనాడూ ఇటు సూడనేదు. పెద్ద గరవం నీకని అనుకున్నాం."

విశాల ఆమె చెయ్యి పట్టుకుంది. "మరి పిలవడం మానెయ్యలేదేం?"

"గరవమైతే ఏటి? మా పిల్లవి కాకుండా పోతావేటి?"

ఇంజను హోరులో ఏ పిలుపూ వినబడక, తననెవరూ పిలవరని అనుకుంటూ ఇన్నేళ్లు ఈ రోడ్డు మీద పరుగెత్తింది విశాల. అందరూ చూస్తుండగా నూకరత్నం భుజం మీద వాలి చంటిపిల్లలా ఏడ్చింది. అది చూసి మిగతావాళ్లు ఆమెను నవ్విద్దామని, గట్టు పొడుగునా ఒకరి తర్వాత ఒకరు ఆ పేరే పెట్టి పిలవసాగారు.

విశాల తలెత్తి, ప్రతి పిలుపుకీ "ఓయ్" అని పలికింది.