ఫినాయిల్ పోసిన అన్నం

మదీనాగూడలోని ఆ మూడో అంతస్తు ఇంట్లో పొద్దున పూట వంటగది మరియమ్మదే. కోడలు సెలీనా ఎంత వద్దన్నా వినదు. ముప్పై ఏళ్ళు సర్కారు దవాఖానలో వార్డులు తుడిచిన చేతులు ఊరికే కూర్చోమంటే కూర్చుంటాయా? ఆ రోజు కొడుక్కి ఇష్టమని పులిహోర కలుపుతోంది. కొడుకు కిరణ్ పాల్ రాయదుర్గంలో ఓ పెద్ద ఆఫీసు భవనానికి మేనేజరు. ఊడ్చేవాళ్ళు, కావలివాళ్ళు, క్యాంటీను, అంతా అతని చేతి కిందే. అతని మెడలో ఆఫీసు కార్డు చూస్తే చాలు, ఆమెకు కడుపు నిండిపోయేది.

ఎవరో తలుపు తట్టారు. తీస్తే కిష్టమ్మ. చెప్పులు మెట్ల దగ్గరే విడిచి, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని నిలబడింది.

"సారున్నడా అక్కా?"

"సారెవడే? నీ సంకల పెరిగినోడు ఎప్పటిసంది సారయిండు? లోపలికి రా."

ఒకప్పుడు ఇద్దరూ పక్కపక్క గదుల్లో కిరాయికి ఉన్నవాళ్ళే. మరియమ్మ రాత్రి డ్యూటీకి వెళ్తే పసివాడైన కిరణ్ కిష్టమ్మ పక్కలోనే నిద్రపోయేవాడు. ఆ రుణం కొంతైనా తీరుతుందని, కొడుకుతో పోట్లాడి మరీ మరియమ్మే ఆమెను ఆఫీసులో పనికి పెట్టించింది.

కిష్టమ్మ లోపలికి రాలేదు. గుమ్మంలోనే కూలబడి ఏడుపందుకుంది.

"నన్ను దొంగన్నరక్కా. నిన్న మీటింగుల బిర్యాని మిగిలింది. పథ్యం కూడు తిని తిని నోరు చచ్చింది, రెండు ముద్దలు బిర్యాని తినాలనున్నదని మొగిలి అంటుండె. డబ్బల పెట్టుకున్న. గేటు కాడ సంచి ఇప్పి చూసి, ఇగ పనికి రావద్దన్నరు. పని పోతే ఇయ్యాల కాకుంటే రేపు ఈఎస్ఐ కార్డు పోతది. కార్డు పోతే ఆయన బతుకడక్కా!"

మొగిలి ఆమె పెనిమిటి, తాపీ మేస్త్రీ. రాయదుర్గంలో మబ్బులందుకుంటున్న భవనాల గోడలు అతని చేతుల మీదుగా లేచినవే. ఇప్పుడు కిడ్నీలు పాడై, వారం వారం మిషను మీద రక్తం శుభ్రం చేయించుకుంటేనే బతుకు. ఆ ఖర్చంతా ఈఎస్ఐ మీదే నడుస్తోంది. అది ఎవరో జాలిపడి వేసిన భిక్షా? కాదు. ఆమె జీతంలోంచి నెలనెలా కోసుకుంటున్నారు.

లోపలి గదిలోంచి కిరణ్ వచ్చాడు. గుమ్మంలో మనిషిని చూసి మొహం చిట్లించాడు.

"ఇంటికెందుకొచ్చినవ్ కిష్టమ్మా? ఏదున్నా ఆఫీసుల మాట్లాడాలె."

మరియమ్మకు ఒళ్ళు మండింది. "చిన్నమ్మా అనే నోరుకు ఏమైందిరా నీకు?"

"అమ్మా, నువ్వు దీంట్ల రాకు. రూల్ అంటే రూల్. ఆమెను తీసేస్తున్నమని మధ్యాహ్నంలోపు నేను మెయిల్ పెట్టాలె. పెట్టకుంటే నా మీదికొస్తది."

"పారబోసే కూడు తీసుకుంటే దొంగతనమెట్లయితదిరా?"

"పారబోసేదైనా కంపెనీదే. ఒక్కరిని చూసి ఊకుంటే రేపు అందరు డబ్బలు తెస్తరు. తిని ఎవరికన్నా వాంతులైతే కేసు ఎవరి మీద? నా మీద! అందుకే మిగిలినదాంట్ల ఫినాయిల్ పోసి పడేయాలని రూల్ పెట్టినం."

మరియమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏం పోస్తరు?"

జవాబు కిష్టమ్మ చెప్పింది, తల ఎత్తకుండానే. "ఫినాయిలక్కా. ఎవ్వరు ముట్టకుండ. పోసే డ్యూటీ గూడ నాదే. నిన్న పోసే ముంగట రెండు ముద్దలు తీసిన. చేతులు రాలే అక్కా, అంత మంచి అన్నం మీద."

"గీ తెలివి ఎవనిది?"

కిరణ్ కాసేపు ఫోను వైపు చూశాడు. "నాదే," అన్నాడు. "క్లయింటు మెచ్చుకున్నడు గూడ."

మరియమ్మ గరిటె పక్కన పెట్టింది. బాత్రూంలోకి వెళ్ళి తెల్లటి సీసా పట్టుకొచ్చింది. మూత తీసి, పొగలు కక్కుతున్న పులిహోర మీద గబగబా పోసింది. పోపు వాసన పోయి ఇల్లంతా దవాఖాన వాసన కమ్మేసింది.

"అయ్యో అత్తయ్యా! ఏంటండి ఇది?" సెలీనా పరుగెత్తుకొచ్చింది.

"నీకేమన్న పిచ్చి లేసిందా అమ్మా?"

"పిచ్చి నాక్కాదు, నీకు లేసింది! కోటు తొడుక్కున్న పిచ్చి! ఏం, నా ఇంటి కూడు, నా ఇష్టం. నువ్వు అక్కడ చేస్తే రూలు, నేను ఇక్కడ చేస్తే పిచ్చా?" ఖాళీ సీసా బల్ల మీద కొట్టింది. "మీ నాయన పోయిననాడు నువ్వు ఇంకా సక్కగ మాట్లాడనన్న మాట్లాడకపోదువు. రోగులు తినక ఇడిసిన రొట్టె కొంగుల దాసుకొని తెచ్చి నిన్ను సాదిన. గేటు కాడ వాచ్‌మన్ సాల్మన్ నా కొంగు దిక్కు చూసి మొఖం పక్కకు తిప్పుకునేటోడు. ఆయనకు నీ అంత తెలివుంటే నువ్వు యాడుందువురా? ఆ రొట్టె మీద ఎవడన్న ఫినాయిల్ పోసుంటే నువ్వు బతికేటోనివా? నేను డ్యూటీల ఉంటే ఆ రొట్టె పాలల్ల ముంచి నీ నోట్ల పెట్టిందెవరు? గదో, గడప అవతల కూసున్నది!"

కిష్టమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది.

"ఊకో అక్కా. పొద్దుగాల పొద్దుగాల పిల్లగాన్ని తిట్టకు. ఉన్న అన్నం ఆగం చేస్తివి, ఇప్పుడు ఆకలితోని పోతడు. ఇంత ఉప్మా అన్న చేసి పెట్టు."

ఆ మాటతో కిరణ్ నిలబడలేకపోయాడు. తల్లి తిట్లకు చలించనివాడు గోడకు తల ఆనించి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. తరువాత ఆ గిన్నె తనే సింకు దగ్గరికి తీసుకెళ్ళి తోమాడు. ఎంత తోమినా వాసన పోలేదు. చేతులు తుడుచుకుని గుమ్మం దగ్గరికొచ్చాడు.

"నడువు చిన్నమ్మా. కార్ల పోదాం."

ఆ రోజంతా మరియమ్మ పచ్చి మంచినీళ్ళైనా ముట్టలేదు. కొడుక్కి ఫోను కూడా చేయలేదు.

సాయంత్రం కిరణ్ వచ్చి ల్యాప్‌టాప్ బ్యాగులోంచి ఓ స్టీలు డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. లోపల కూరగాయల పలావు.

"క్యాంటీన్ల మిగిలింది. గేటు కాడ నా బ్యాగు నేనే ఇప్పి అందరికి చూపించి తెచ్చిన. మొగిలి చిన్నాయనకు ఇంకో డబ్బ పంపిన."

"నీ మెయిల్ సంగతేంది?"

"పెట్టిన. ఆమె పేరు తీసేయాలంటే ముందు నాది తీయుండ్రి, మిగిలిన కూడు నేను గూడ తీసుకపోతున్న అని రాసిన. రేపు పైవాళ్ళు రమ్మన్నరు. ఏమంటరో ఏమో. చిన్నమ్మ అయితే ఇయ్యాల డ్యూటీ చేసింది."

సెలీనా భయంభయంగా భర్తను చూసింది. లోపలికి వెళ్ళి పళ్ళాలు తెచ్చింది.

"మరి ఫినాయిలు?" అంది మరియమ్మ.

"నేలకేనే అమ్మా. ఇగ నేలకే." చేతులు కడుక్కొచ్చి కూర్చున్నాడు. "పొద్దుటిసంది ఏం తినలే. ఆకలైతుంది."

మరియమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. పలావు ముద్ద చేసి కొడుకు నోటికి అందించింది. రెండో ముద్ద తను తింది.

"ఉప్పు తక్కువేసిండ్రు," అంది కళ్ళు తుడుచుకుంటూ.